గ్రంథచౌర్యము – విద్వత్ప్రచురణమున నిజాయితీ

ఒకరు వ్రాసిన వాక్యములను గాని, కనుగొనిన ఫలితములను గాని, గీచిన పటములను గాని, యోచించిన వాదమును గాని మూలకర్త పేరు చెప్పక, తనవియే యని చదువరికి తోచునట్లు ప్రకటించుట గ్రంథచౌర్యము. అక్షరము మార్చక మక్కికి మక్కి ఎత్తి వ్రాయుట ఇందు మోటు రకము. మాటలు మార్చి వాక్యపు అమరికను నిలుపుట, వాక్యములు మార్చి వాదక్రమమును నిలుపుట, పరభాషలోని వ్యాసమును తన భాషలోనికి దింపి స్వతంత్రరచన యని చెప్పుకొనుట, తాను లోగడ అచ్చువేసినదానినే క్రొత్తదిగా మరల అచ్చువేయుట, ఒక్క పరిశోధనను ముక్కలు చేసి నాలుగు పత్రములుగా చలామణి చేయుట మొదలైనవి పట్టుకొనుటకు మరింత కష్టమైనవి. లేని ప్రయోగమును కల్పించుట, ఉన్న కొలతలను అనుకూలముగా దిద్దుకొనుట వేఱు దోషములే యైనను, నేటి నియమావళులు వీనిని గ్రంథచౌర్యముతోడనే కలిపి విచారించుచున్నవి. ఆ కలుపుటకు తగిన కారణము గలదు.

గ్రంథచౌర్యము వేఱు, గ్రంథస్వామ్యభంగము వేఱు. 1957 నాటి భారత గ్రంథస్వామ్య చట్టము రచయిత జీవితకాలమునకును, ఆయన మరణానంతరము 60 ఏండ్లకును హక్కును పరిమితము చేసినది. నన్నయ పద్యమునకు నేడు స్వామ్యము లేదు; ఎవరైనను అచ్చువేసికొనవచ్చును. ఐనను ఆ పద్యమును తన పేర వేసికొనువానిని చట్టము దండింపకపోవచ్చును గాని అతడు గ్రంథచోరుడు కాకపోడు. జీవించియున్న రచయిత నవలను ఆయన పేరు ముఖపత్రముననే వేసి, అనుమతి లేక అమ్ముకొనువాడు చట్టమును మీరినాడే గాని గ్రంథచౌర్యము చేయలేదు. మొదటిది సత్యమునకు సంబంధించినది, రెండవది సొత్తునకు సంబంధించినది. ఈ రెంటిని కలగాపులగము చేయుటచేతనే పెక్కుమంది పరిశోధక విద్యార్థులు, స్వామ్యకాలము గడచినది గదా యని పాత పుస్తకములనుండి పుటలకు పుటలు ఎత్తి వ్రాయుటను తప్పుగా భావింపకున్నారు.

ఈ దోషమును గూర్చి చెప్పువారు సామాన్యముగా దోపిడికి గురియైన రచయిత పక్షమునుండి చెప్పుదురు. ఆయన నష్టము నిజమైనదే. కాని శాస్త్రవాఙ్మయమున అంతకంటె పెద్ద నష్టము చదువరిది. పరిశోధన పత్రములోని ప్రతి వాక్యమునకు వెనుక, ఇది ఎవరు, ఎక్కడ, ఏ సాధనముతో, ఎప్పుడు కనుగొనిరను ప్రశ్నకు సమాధానము ఉండవలెను. చదువరి కోరినప్పుడు ఆ జాడ వెంట నడచి మూలమును చేరి, అక్కడ నిజముగా ఏమున్నదో తన కన్నులతో చూచుకొనగలుగవలెను. మూలము పేరు దాచినవాడును, మూలమే లేనిదానిని కల్పించినవాడును చేయుచున్నది ఒక్కటే: ఆ జాడను చెరపుచున్నారు. గ్రంథచౌర్యమును, ఫలితకల్పనను ఒకే పద్దున వేయుటకు కారణమిది.

భారతీయాలంకారికుల విచారణ

కావ్యమున ఎంతవరకు పరస్వము, ఎంతవరకు స్వంతము అను చర్చను మన ఆలంకారికులు వెయ్యేండ్లకు పూర్వమే నిశితముగా నడపిరి. 9వ శతాబ్దమున కాశ్మీరమునందలి ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము చతుర్థోద్ద్యోతమున, ఇద్దరు కవుల రచనల నడుమ కనిపించు సంవాదమును ప్రతిబింబమువంటిదని, చిత్తరువువంటిదని, దేహసాదృశ్యము గల వేఱొక ప్రాణివంటిదని మూడుగా విభజించి, మొదటి రెంటిని విడువదగినవిగాను, మూడవదానిని స్వీకరింపదగినదిగాను నిర్ణయించెను. పోలిక యుండుట దోషము కాదు, వేఱు ప్రాణము లేకుండుట దోషమన్నమాట. ఆ పిమ్మట రాజశేఖరుడు కావ్యమీమాంసలో మూడు అధ్యాయములను ఈ హరణవిచారమునకే కేటాయించి, శబ్దహరణమును పదము, పాదము, అర్ధము, వృత్తము, ప్రబంధము అని అయిదు మెట్లుగా లెక్కించెను. అర్థహరణమున ఆనందవర్ధనుని మూడు భేదములకు పరపురప్రవేశసదృశమను నాలుగవదానిని చేర్చెను.

రాజశేఖరుని గ్రంథములోని రెండు విషయములు నేటి చదువరిని ప్రత్యేకముగా ఆకర్షించును. వెల యిచ్చి కొనిన కవిత్వమును తనదని చెప్పుకొనుట కూడ హరణమే యని ఆయన స్పష్టముగా చెప్పినాడు. రెండవది ఆయన భార్య అవంతిసుందరి పేర ఉదాహరించిన అభిప్రాయము. మూలకర్త పేరు లేనివాడు, నేను పేరుగలవాడను, అతని కృతి ప్రచారములో లేదు, అతడు దూరదేశమువాడు, అతడు వాడిన భాషకు ఆదరము లేదు, దానిని ఎఱిగినవారు గతించిరి - ఇట్టి కారణములచేత కవులు పరుల శబ్దార్థములను గ్రహించుటకు ఒడిగట్టుదురని ఆమె మతము. నేడు విచారణ సంఘముల యెదుట నిలుచువారు చెప్పుకొను సమాధానముల పట్టిక ఇంతకు భిన్నముగా ఉండదు.

ఐతే కావ్యమునకు వర్తించు ఉదారత శాస్త్రమునకు వర్తింపదు. కథావస్తువు, వర్ణన, ఉపమానము కవులకు ఉమ్మడి సొత్తు. శాస్త్రజ్ఞునికి మాత్రము పూర్వులు చెప్పినది ఇంత, నేను చేర్చినది ఇంత అను హద్దు చూపుటయే పని. తెలుగున ఈ హద్దును గూర్చి నడచిన వివాదములలో ప్రసిద్ధమైనది చిన్నయసూరి బాలవ్యాకరణమునకు సంబంధించినది. 1858లో వెలువడిన ఆ వ్యాకరణమునకు శిష్టు కృష్ణమూర్తిశాస్త్రి సంస్కృతమున రచించిన హరికారికలు మూలమని కొందఱును, కాదని కొందఱును పండితులు చిరకాలము వాదించిరి. ఏది ముందు వ్రాయబడినదో నిర్ణయించుటకు తిరుగులేని తేదీ లేనిచోట ఇట్టి వాదము తెగదు.

పత్రికల పుట్టుక, ప్రాథమ్యము

ఆ తేదీని ఇచ్చుటకే శాస్త్రపత్రికలు పుట్టినవనిన తప్పు లేదు. 1665 జనవరిలో పారిస్‌లో జుర్నాల్ దే సావాన్, మార్చిలో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ సంపాదకత్వమున ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ ప్రారంభమైనవి. అంతకు పూర్వము తమ ఆవిష్కరణములను ఇతరులు అపహరింతురను భయముచేత విద్వాంసులు వానిని అక్షరములు తారుమారు చేసిన గూఢలిపిలో దాచుకొనెడివారు. పత్రికకు లేఖ చేరిన దినము నమోదగుటతో, బయటపెట్టుటయే కాపాడుకొనుట యైనది. 1830లో ఛార్లెస్ బాబేజ్ ఇంగ్లండున శాస్త్రము క్షీణించుటను గూర్చి వ్రాసిన పుస్తకమున బూటకము, కల్పన, అంచులు కత్తిరించుట, వండివార్చుట అని పరిశీలకుల మోసములను నాలుగు విధములుగా వర్ణించినాడు. కొలతలలో నచ్చనివానిని త్రోసి నచ్చినవానినే ఏరుకొను ఆ వండివార్పు నేటికిని అన్నింటికంటె విస్తారమైనది.

సత్ప్రవర్తనమునకు సాక్ష్యముగా 1924 నాటి సంఘటనము నొకదానిని చెప్పవలెను. ఢాకా విశ్వవిద్యాలయమునందలి యువకుడగు సత్యేంద్రనాథ్ బోస్ తన చిన్న పత్రమును ఐన్‌స్టైన్‌నకు పంపెను. ఐన్‌స్టైన్ దానిని స్వయముగా జర్మనులోనికి అనువదించి, బోస్ పేరుననే జైట్‌ష్రిఫ్ట్ ఫ్యూర్ ఫిజిక్ పత్రికకు పంపి, అనువాదకుడు మాత్రమే తానని గుర్తు పెట్టి, ఈ పద్ధతి ముఖ్యమైన ముందడుగని తన అభిప్రాయమును చేర్చెను. ప్రపంచప్రసిద్ధుడొకడు, ఎవరికిని తెలియని దూరదేశపు ఉపాధ్యాయుడొకడు: అవంతిసుందరి చెప్పిన నెపములు పెక్కు అక్కడ సిద్ధముగానే యున్నవి, వానిలో ఒక్కటియు ఆయనకు పనికిరాలేదు.

హిమాలయ శిలాజముల ఉదంతము

మూలము జాడ చెరిగినచో ఏమగునో తెలిసికొనుటకు మన దేశమునందే జరిగిన ఒక ఉదంతమును వివరముగా చూడవలెను. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయమున భూవిజ్ఞానాచార్యుడైన విశ్వజిత్ గుప్తా సుమారు 25 ఏండ్లపాటు హిమాలయ శిలాజములను గూర్చి 300కు పైగా పత్రములు ప్రకటించెను. ఆస్ట్రేలియాకు చెందిన జాన్ టాలెంట్ అను పురాజీవశాస్త్రజ్ఞుడు వీనిని అనుమానించి, 1989లో నేచర్ పత్రికయందు బహిరంగముగా ఆక్షేపించెను. హిమాలయమున దొరకినవని చెప్పిన కోనోడాంట్లు, అనగా ఇసుకరేణువంత పరిమాణము గల ప్రాచీన జలచరముల పంటివంటి అవశేషములు, న్యూయార్క్ రాష్ట్రమున ఆమ్స్‌డెల్ క్రీక్ అను వాగు ఒడ్డున దొరకువానితో రూపమునను, రంగునను, నిలిచిన తీరునను ఏకముగా ఉన్నవి. అమ్మోనాయిడ్లను శంఖాకార శిలాజములు మొరాకోనుండి వచ్చి పారిస్ దుకాణములలో అమ్ముడుపోవువానిని పోలియున్నవి. టాలెంట్ అట్టివానిని ఆ దుకాణములలోనే కొని చూపెను.

ఈ మోసము అంతకాలము సాగుటకు కారణము సహరచయితలు. దేశదేశముల నిపుణులు తమకు పంపబడిన శిలాజములను చూచి, జాతిని సరిగానే గుర్తించి, పత్రమున తమ పేరు చేర్చుకొనిరి. అవి దొరకిన చోటును తమ కన్నులతో చూచినవారు కారు. ప్రతి నిపుణుడును తన భాగమును సత్యముగానే వ్రాసెను, మొత్తము అసత్యమయ్యెను. వానిపై ఆధారపడి హిమాలయ శిలాస్తరముల వయస్సును, పూర్వ సముద్రముల ఎల్లలను నిర్ణయించిన తరువాతివారి రచనలలో ఏది నిలుచునో, ఏది నిలువదో తేల్చుకొనుట భూవిజ్ఞానులకు పెద్ద పని యైనది. విశ్వవిద్యాలయ విచారణలో ఆచార్యుడు దోషిగా తేలినను ఉద్యోగమునుండి తొలగింపబడలేదు. ఇంత తేలిక శిక్ష విధించుట ఆ దోషమునకంటె హీనమైన దృష్టాంతమని చెప్పక తప్పదు.

తరువాతి దశాబ్దములలో ఇతర సంఘటనలు బయటపడినవి. 2002లో కుమావూఁ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుని పేర వెలువడిన భౌతికశాస్త్ర పత్రము స్టాన్‌ఫర్డ్ ఆచార్యురాలు రెనాటా కాలోష్ లోగడ ప్రకటించిన పత్రమునకు నకలని తేలగా, నోబెల్ బహుమతి గ్రహీతలతో కూడిన స్టాన్‌ఫర్డ్ భౌతికశాస్త్రజ్ఞులు నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలామునకు లేఖ వ్రాసిరి. విచారణానంతరము 2003లో ఆయన పదవినుండి తప్పుకొనెను. 2008లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర ఆచార్యుడొకడు ప్రకటించిన 70కి పైగా పత్రములు చౌర్యమో కల్పనయో యని వెల్లడియైనప్పుడు తెలుగునాట విద్యావంతులు తలదించుకొనవలసివచ్చెను. విదేశములందును పెద్దపదవులు దీనివలన కూలినవి: 2011లో జర్మనీ రక్షణమంత్రి గుట్టెన్‌బర్గ్, 2012లో హంగరీ అధ్యక్షుడు పాల్ ష్మిట్, 2013లో జర్మనీ విద్యామంత్రి అన్నెట్టె షావాన్ తమ సిద్ధాంత గ్రంథముల కారణముగా రాజీనామా చేసిరి. మన దేశమున ఇట్టి ఫిర్యాదులను పరిశీలించుటకై 1986లో ఏర్పడిన శాస్త్రవిలువల సంఘమునకు శిక్షించు అధికారము లేదు. అది నిజానిజములు తేల్చి ప్రకటింపగలదు, అంతే.

ఎవరిది రచన

రచయితల పట్టికలో ఎవరి పేరు ఉండవలెను అనునది కూడ నిజాయితీ ప్రశ్నయే. వైద్యపత్రికల సంపాదకుల అంతర్జాతీయ సమితి నిర్ణయము ప్రకారము పరిశోధనలో గణనీయమైన పాలు, వ్రాతలో గాని సవరణలో గాని పాలు, తుదిప్రతికి అంగీకారము, మొత్తమునకు జవాబుదారీ అను నాలుగును కలవాడే రచయిత. విభాగాధిపతి యైనందున పేరు చేర్చుట, గైడు గారికి గౌరవముగా మొదటి పేరు ఇచ్చుట, పని చేసిన విద్యార్థి పేరును త్రోసివేయుట దీనికి విరుద్ధములు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చరిత్ర ఇక్కడ స్మరణీయము. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి ఇద్దరి పేర నిలిచినది. కాని ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడుల సమాచారమును ఫిస్కే వెలుగు చూడనీయకపోవుటచేత తరువాతివారు వానిని మరల కనుగొనవలసివచ్చెనని, పిమ్మట నోబెల్ బహుమతి నందిన జార్జి హిచింగ్స్ చెప్పియున్నాడు. ఒకని శ్రమను మఱుగుపరచినందుకు చెల్లించిన మూల్యము కొన్నేండ్ల శాస్త్రము.

ప్రచురణకు ముందు పత్రమును రహస్యముగా పరిశీలించు సమీక్షకుడు కూడ ఈ నీతికి బద్ధుడు. 2016లో ఒక అమెరికా వైద్యుడు, తన పత్రమును నిరాకరించుటకు సిఫారసు చేసిన సమీక్షకుడే దానిని తన పేర వేఱొక పత్రికలో అచ్చువేసికొన్న వైనమును, ఆ సమీక్షకుని సంబోధించుచు వ్రాసిన బహిరంగలేఖగా ప్రకటించెను. సమీక్షకు పంపిన ప్రతి అప్పగించిన సొమ్మువంటిది. దానిని అపహరించుట తక్కిన చౌర్యములకంటె నీచము.

అంకెలు, అంగడి

దోషము వ్యక్తులది యైనను దానికి నీరుపోసినది లెక్కింపు పద్ధతి. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము పిహెచ్.డి. విద్యార్థి సిద్ధాంత గ్రంథమును సమర్పించుటకు ముందు ఒక పత్రమైనను ప్రకటింపవలెనని నియమించెను; 2010లో అధ్యాపకుల పదోన్నతికి పత్రములనుబట్టి పాయింట్లు లెక్కించు విధానము వచ్చెను. ప్రయోగశాల లేని కళాశాలలో వారమునకు ఇరువది తరగతులు చెప్పు అధ్యాపకుడును పత్రములు చూపవలసినవాడయ్యెను. ఆ అవసరమును కనిపెట్టి, రుసుము పుచ్చుకొని సమీక్ష లేకయే అచ్చువేయు పత్రికలు పుట్టగొడుగులవలె వెలసినవి. కొలరాడో గ్రంథాలయాధికారి జెఫ్రీ బీల్ 2010 ప్రాంతమున వీనికి దోపిడీ పత్రికలని పేరు పెట్టి పట్టిక తయారుచేసెను. షెన్, బ్యోర్క్ అను పరిశోధకుల అంచనా ప్రకారము ఇట్టి పత్రికలలో 2010లో సుమారు 53,000 వ్యాసములు వెలువడగా 2014 నాటికి ఆ సంఖ్య 4,20,000 ఐనది. రచయితలలో మూడవ వంతునకు పైగా భారతీయులు.

ఈ వ్యాపారమున హైదరాబాదు పేరు ప్రపంచమంతట వినబడుట మనకు విచారకరము. 2007లో ఆ నగరమున ఆరంభమైన ఓమిక్స్ సంస్థ వందలకొలది పత్రికలను, సమ్మేళనములను నడపెను. నిజమైన సమీక్ష చేయక చేసినట్లు చెప్పినదని, రుసుమును ముందు తెలుపలేదని, విద్వాంసుల పేర్లను వారి అనుమతి లేకయే సంపాదకవర్గమున ప్రకటించినదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసెను. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపవలసినదిగా తీర్పు చెప్పెను. పై న్యాయస్థానము దానిని 2020లో ఖాయపరచెను.

ఇంతకు మించినది పత్రములను వ్రాసి పేరునకు ఇంత వెలయని అమ్ము రహస్య కర్మాగారముల వ్యవహారము. 2023లో ప్రపంచమున 10,000కు పైగా పత్రములు ఉపసంహరింపబడగా వానిలో 8,000కు పైగా హిందావి అను ఒక్క ప్రచురణ సంస్థవి. చౌర్యము కనబడకుండుటకు యంత్రముచేత పర్యాయపదములు మార్పించుటవలన పుట్టిన వికృతులను గియోమ్ కబానాక్ మున్నగువారు 2021లో సేకరించిరి: కృత్రిమ మేధ అనవలసినచోట నకిలీ చైతన్యమని, రొమ్ము క్యాన్సర్ అనవలసినచోట వక్షఃస్థలపు ఆపద యని ఆంగ్లమున వ్రాసిన పత్రములు సమీక్ష దాటి అచ్చైనవి. వ్రాసినవాడు చదువలేదు, సమీక్షకుడు చదువలేదు, సంపాదకుడు చదువలేదు. ఎవరును చదువని పత్రమునకు మాత్రము పదోన్నతిలో పాయింట్లు పడినవి.

నిబంధనలు, తెలుగు పరిశోధన

2018 జులైలో నిధుల సంఘము విద్యానైతికతను పెంపొందించుటకును, గ్రంథచౌర్యమును నివారించుటకును నియమావళిని గెజెట్‌లో ప్రకటించెను. సాఫ్ట్‌వేర్ చూపిన పోలిక 10 శాతము లోపున్నచో శిక్ష లేదు. 10 నుండి 40 శాతము వఱకైనచో విద్యార్థి ఆఱు నెలలలోపల దిద్ది సమర్పింపవలెను. 60 శాతము వఱకు ఒక సంవత్సరము సమర్పణ నిషేధము. దానిని మించినచో రిజిస్ట్రేషన్ రద్దు. అధ్యాపకులకు పత్రోపసంహరణము, ఇంక్రిమెంట్ల నిలుపుదల, క్రొత్త విద్యార్థులను తీసికొనకుండ నిషేధము విధింపబడును. సాఫ్ట్‌వేరును అందించుటకు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2019లో శోధశుద్ధి పథకమును ఆరంభించెను. సిద్ధాంత గ్రంథములను అందఱి యెదుట ఉంచు శోధగంగ అంతకు ముందునుండియే ఉన్నది. 2022 నియమావళి, పిహెచ్.డి.కి పూర్వము పత్రము ప్రకటించి తీరవలెనను నిర్బంధమును ఎత్తివేసినది. ఇది మేలైన మార్పు.

శాతములతో కూడిన ఈ కొలత మాటల పోలికను కొలుచును, నిజాయితీని కొలువదు. సరిగా పేరు చెప్పి ఉదహరించిన వ్యాసమునకు హెచ్చు శాతము రావచ్చును. పరుని కీలకఫలితమును ఒక్క పేరాలో తన మాటలలో చెప్పుకొనినవానికి సున్న రావచ్చును. పరీక్షకులు నివేదికలోని అంకెను మాత్రము చూచి సంతకము చేయుట, విద్యార్థులు అంకె దిగువఱకు మాటలు మార్చుట ఇప్పుడు పరిపాటి యైనది.

తెలుగున ఈ సాధనము మరింత బలహీనము. యాదృచ్ఛికముగా కలియు 14 వరుస పదముల వఱకు 2018 నియమావళి మినహాయింపు ఇచ్చినది. ఆంగ్లమున అది వాక్యములో ఒక భాగము. విభక్తులును, ప్రత్యయములును పదముతోనే కలిసిపోవు తెలుగున 14 పదములలో నిండు వాక్యము, ఒక్కొక్కప్పుడు రెండు వాక్యములు ఇముడును. సంధి విడదీసినను, కలదు అనుచోట ఉంది అని వ్రాసినను యంత్రమునకు అది వేఱు పాఠము. ‘అను’ పేరుగల ఫాంట్లలో టైపు చేసిన సిద్ధాంత గ్రంథముల అక్షరములు యూనికోడునకు మార్చనిదే యంత్రమునకు తెలుగుగా కనబడవు. స్కాను చేసిన పుటలు కేవలము బొమ్మలు. ఇక సంస్కృతమునుండియో, హిందీనుండియో, ఆంగ్లమునుండియో దింపుకొన్నదానిని ఏ పోలిక యంత్రమును సులభముగా పట్టలేదు. ప్రబంధవాఙ్మయము, జానపదసాహిత్యము, ఒక్కొక్క రచయిత సమగ్రపరిశీలనము వంటి విషయములపై ఒకే అంశమును వేర్వేఱు విశ్వవిద్యాలయములలో మరల మరల చేయుట మనకు అలవాటు కనుక, అపహరణమునకు అవకాశము ఇక్కడ హెచ్చు. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర, కాకతీయ విశ్వవిద్యాలయములలోని పాత తెలుగు సిద్ధాంత గ్రంథములను అక్షరరూపమున వెదకుటకు వీలగునట్లు మార్చువఱకు, తెలుగు శాఖలలో ఈ పరీక్షకు ప్రధానాధారము పూర్వపరిశోధనలను చదివిన పరీక్షకుల జ్ఞాపకశక్తియే. అట్టివారిని పరీక్షకులుగా నియమించుట శాఖాధ్యక్షుల చేతిలోనున్న పని. దానికి సాఫ్ట్‌వేరు గాని, క్రొత్త నిబంధన గాని అక్కఱలేదు.